బాయిలర్ గదిలో మఖమల్ దిండు

ప్రియమైన అక్కకి,

అస్సలాము అలైకుం. నువ్వూ బావా క్షేమమని తలుస్తాను. బావ కళ్లు మసకబారుతున్నాయని రాశావు, డాక్టరుకు చూపించారా? గడియారాలు బాగుచేసే మనిషి కళ్ల విషయంలో అశ్రద్ధ చేస్తే ఎలా?

ఇక్కడో వింత జరిగింది. మా అద్దకం ఫ్యాక్టరీలో బాయిలర్ నా చేతికిందే ఉంటుందని నీకు తెలుసు కదా. అది పేలిపోయినట్టు మొన్న కలొచ్చింది. పనికి వెళ్లాను కానీ పొయ్యి వెలిగించనని మొండికేశాను. మేనేజరు తిట్టిన తిట్టు తిట్టకుండా తిట్టాడు. చివరికి మెకానిక్ వచ్చి విప్పి చూస్తే లోపలి గొట్టం కాగితంలా పలచబడి ఉంది. "వెలిగించి ఉంటే రంగు తొట్టెల దగ్గర ఆడవాళ్లు ఒక్కరూ మిగిలేవారు కాదు" అన్నాడు.

అప్పటినుంచి నా గదికి జనం. బాయిలర్ నీళ్లు సీసాల్లో పట్టుకుపోతున్నారు. తుప్పు పట్టకుండా వాటిలో మందు కలుపుతాం, తాగితే స్వర్గం కాస్త ముందుగానే కనబడుతుందని చెప్పినా వినరు. మాకు దారాలమ్మే వ్యాపారి అయితే "ప్రతి కాలానికీ దేవుడు ఒకణ్ణి పంపుతాడు. ఈ కాలానికి నువ్వే. నీకు పైనుంచి వార్త అందుతోంది" అంటున్నాడు. నీ మరదలు అది విని భయపడింది. నాకు మాత్రం, అబద్ధమెందుకు, ఒళ్లు పులకరించింది.

నీ నిద్రమొహం

*

ప్రియమైన నిద్రమొహానికి,

వఅలైకుం సలాం. నీ ఉత్తరం చదివి ముందు కృతజ్ఞతగా షుక్రానా నమాజు చేశాను. అంతమంది తల్లులు సాయంత్రానికి ఇంటికి చేరారంటే అల్లాహ్‌కు ఎంత చెప్పుకున్నా తక్కువే. నిన్నూ మాకు మిగిల్చాడు.

ఇక రెండో సంగతి. మంచి కల రావడం ఆయన దయ. అది మామూలు మనుషులకూ వస్తుంది. కానీ కల వేరు, దైవవాణి వేరు. ప్రవక్తల పరంపర మన ప్రవక్త సల్లల్లాహు అలైహి వసల్లంతో ముగిసింది. ఆయన తర్వాత ఇంకొకరు రారు, పెద్ద ప్రవక్తా రారు, చిన్న ప్రవక్తా రారు. ఇది మనం పాలతో పాటు తాగిన నమ్మకం. చిన్నప్పుడు నేను నాన్నని అడిగాను, "ఇంకెవరూ రారంటే మనం దిక్కులేనివాళ్లమా?" అని. నాన్న నవ్వి, "పిచ్చితల్లీ, చెప్పాల్సింది మిగిలుంటే కదా ఇంకొకరు రావడం? మనకి అంతా అందింది. అందినందుకు కృతజ్ఞతగా ఉండు" అన్నారు.

మీ ఫ్యాక్టరీలో మూట నిండాకే కదా సీలు వేస్తారు. వేశాక ఎవడైనా అందులో ఇంకో గుడ్డ కుక్కబోతే వాణ్ణేమంటారు? ఆ దారాలాయన నీ చేత ఆ పనే చేయిస్తున్నాడు. నా తమ్ముడి ఈమాన్, ఆ విశ్వాసమే, పోతుందని నాకు అన్నం సహించడం లేదు. ఆ మాటల్ని మొగ్గలోనే తుంచెయ్యి.

బావ కళ్లకు చుక్కల మందు ఇచ్చారు.

నీ అక్క

*

ప్రియమైన అక్కకి,

సలాం. నేను ప్రవక్తనని ఎప్పుడన్నాను? వాళ్లంటున్నారు, నేను ఊరుకుంటున్నాను, అంతే. ఇన్నేళ్లూ "మసిమొహం" అని పిలిచినవాళ్లు ఇప్పుడు నన్ను చూసి లేచి నిలబడుతున్నారు. దారాల వ్యాపారి నా స్టూలు మీద ఎర్ర మఖమల్ దిండు వేయించాడు. శుక్రవారాలు నమాజు తర్వాత అందరినీ బాయిలర్ గదికి పిలిచి నా చేత నాలుగు మాటలు చెప్పిస్తున్నాడు. మన ఇంట్లో ఒకడికి నలుగురిలో గౌరవం దొరికితే నీకు సంతోషం లేదా?

నీ తమ్ముడు

*

ప్రియమైన తమ్ముడికి,

సలాం. నీ ఉత్తరం వచ్చి చాలా రోజులైంది. మొదట కోపంతో రాయలేదు, తర్వాత రాయడానికి ఓపిక లేక.

బావ కొట్టు మూసేశాం. చిన్న మర కిందపడితే నేలంతా చేత్తో తడుముకుంటున్నాడు. వచ్చే సోమవారం కాక పై సోమవారం ఆపరేషన్. చూపు తిరిగి రావచ్చు, ఉన్న కాస్తా పోవచ్చు అన్నాడు డాక్టరు. బావ ఎప్పట్లాగే జోకులేస్తున్నాడు. నిన్న మాత్రం, "గడియారం చప్పుడు విని దాని రోగం చెప్పగలను గానీ నీ మొహాన్ని వినలేను కదా" అన్నాడు. నేను వంటగదిలోకి వెళ్లి ఏడ్చాను.

తమ్ముడూ, నీతులు చెప్పిన నోటితోనే అడుగుతున్నాను. పడుకునేముందు బావని తలుచుకో. ఏమైనా కనిపిస్తే రాయి. మంచైనా చెడైనా ముందే తెలిస్తే గుండె చిక్కబట్టుకుంటాను. మునిగేవాడు గడ్డిపోచనైనా పట్టుకుంటాడంటారు, నా పరిస్థితి అలా ఉంది. నన్ను చూసి నవ్వకు.

నీ అక్క

*

ప్రియమైన అక్కకి,

అస్సలాము అలైకుం. నవ్వలేదు. ఉత్తరం చదివి, బావని తలుచుకుని పడుకున్నాను. కలొచ్చింది. మేనేజరు గొడుగు వేసుకుని బిస్కెట్లు తింటున్నాడు. అంతే.

లేచి కాగితం తీసుకుని "బావకి చూపు వస్తుంది, నాకు కనిపించింది" అని రాశాను. నీమీద ప్రేమతోనే రాశాను. కవరులో పెట్టబోయి ఆగిపోయాను. ఎందుకంటే నువ్వు నమ్ముతావు. నాన్న మాటని గుండెల్లో దాచుకున్న నువ్వే నమ్మితే ఇంక లోకంలో నమ్మనివాళ్లెవరు? అల్లాహ్ చెప్పని మాటని ఆయన చెప్పినట్టుగా నా సొంత అక్కకి పంపబోయాను. ఆ కాగితం బాయిలర్ పొయ్యిలో పడేశాను.

శుక్రవారం అందరూ వచ్చి కూర్చున్నారు. నేను దిండు మీద కూర్చోకుండా నిలబడి చెప్పాను. "ఆఖరి ప్రవక్త వచ్చి వెళ్లారు. ఆయన తెచ్చింది మన చేతుల్లోనే ఉంది, అందులో లోటేమీ లేదు. ఆయన తర్వాత ఎవరూ రారు. నాకు ఏ వార్తా రాలేదు. నేను బాయిలర్ వాణ్ణి. కలకి ముందు వారమంతా దాని కూతలో తేడా ఉంది, పని హడావుడిలో పట్టించుకోలేదు. నిద్రలో చెవికి గుర్తొచ్చింది. గుర్తుచేసినవాడు అల్లాహ్, కృతజ్ఞత ఆయనకి చెప్పండి. ఆ నీళ్లు మాత్రం దయచేసి తాగకండి."

దారాల వ్యాపారి మొహం మాడ్చుకున్నాడు. కొందరు గొణుక్కుంటూ వెళ్లారు. రంగు తొట్టెల దగ్గర పనిచేసే పెద్దావిడ మాత్రం వచ్చి, "బతికించావు నాయనా, మా ఇంట్లో కూడా నీ గురించి గొడవ మొదలైంది" అంది. నీ మరదలు చాలా రోజులకి కడుపునిండా తింది. ఇవాళ గేటు దగ్గర ఎవరో మళ్లీ "మసిమొహం" అని పిలిచారు. అల్‌హమ్దులిల్లాహ్, ఎంత హాయిగా ఉందో చెప్పలేను. నేను మొయ్యాల్సింది కాదు ఆ బరువు. మొయ్యవలసిన ఆయన ఎప్పుడో మోసి, పని పూర్తిచేసి వెళ్లారు.

బావ చూపు సంగతి నాకు తెలీదక్కా. తెలిసినవాడు ఒక్కడే. ఆయన్నే అడుగుదాం, పక్కపక్కన కూర్చుని.

ఆపరేషన్ ముందు ఆదివారానికల్లా నేనూ నీ మరదలూ అక్కడ ఉంటాం. దిండు తిరిగిచ్చేస్తే దారాల వ్యాపారి తీసుకోలేదు. నాతో తెస్తున్నాను. ఆసుపత్రి బల్లలు గట్టిగా ఉంటాయి, నీకసలే నడుం నొప్పి.

నీ నిద్రమొహం