మాట్లాడనివారి దీపం

రియాద్

గౌరవ్వకు నీ పెనిమిటి భోజన్న రాసేది. నేనిక్కడ కులాసా. నువ్వు, మన బిడ్డ కావ్య, ఈనిన బర్రె, దాని దూడ అందరూ కులాసాగా ఉన్నారని తలుస్తాను. సెలవు మీద ఊరికి వస్తున్న భూమేష్ చేతికి ఈ ఉత్తరం ఇస్తున్నాను.

పోయిన ఉత్తరంలో మోకాలి నొప్పి గురించి అడిగావు. నువ్వు పంపిన నూనె రాశాక తగ్గింది. ఇక్కడ ఉండటానికిచ్చే ఇకామా కార్డు కూడా రెన్యువల్ అయింది. క్యాంపులో కొత్త సంగతులేమిటన్నావు. ఈసారి ఒకటుంది.

శుక్రవారం మీటింగులో ఇరవై మందిమి కూర్చుంటాం, మాట్లాడేది నలుగురం. అందరి నోళ్లూ తెరిపించాలని ఆఫీసు నుంచి ఖుష్బూ అనే ఇంజనీరమ్మ వచ్చింది. హైదరాబాద్ పిల్ల. ఒక్కొక్కరి ముందు ఒక మైకు పెట్టింది. గోడ మీది టీవీలో ఒక్కొక్కరి పేరు పక్కన ఒక దీపం. ఎక్కువసేపు మాట్లాడితే అది ఎర్రబడుతుంది. నోటితో చెప్పలేనివాళ్లు ఫోన్లో రాస్తే, పేరు లేకుండా అందరి భాషల్లో టీవీ మీద పడుతుంది.

పెద్దవాణ్నని నన్నే మొదలుపెట్టమన్నారు. అన్నం పలుకుగా ఉంటోందని రెండు ముక్కలు చెప్పానో లేదో, నా దీపం ఎర్రబడింది. మిషన్ చెడిందన్నాను. పదిహేనేళ్లుగా ఎలక్ట్రీషియన్ని, ఆ మాత్రం తెలియదా? లేచి వెళ్లి వైర్లన్నీ చూశాను. బాగానే ఉన్నాయి.

"మిషన్ మంచిగనే ఉంది చాచా. మీరే తొమ్మిది నిమిషాలు మాట్లాడిన్రు" అంది ఖుష్బూ.

అంతలో టీవీ మీద మొదటి మాట పడింది: 'భోజన్న ఆపితే మేమూ చెబుతాం.' దానికి పదిహేడు లైకులు. అందరితోపాటు నేనూ నవ్వాను కానీ చెవులు వేడెక్కాయి.

రెండో మాట పడింది: 'మూడో బాత్రూంలో గీజర్ షాక్ కొడుతోంది.' నవ్వులు ఆగిపోయాయి. పరుగెత్తి వెళ్లి కరెంటు ఆపి చూస్తే ఎర్త్ వైరు ఊడి ఉంది. కడప ప్లంబర్ ఖలందర్ వెనకాలే వచ్చి టార్చ్ పట్టుకున్నాడు. రాసింది అతనే.

"రెండు తూర్లు చెప్పబోయినానన్నా. నువ్వు చెప్పనీలేదు గదా" అన్నాడు మెల్లగా.

నీకు చెప్పాలా వద్దా అని ఇంతసేపూ తటపటాయించాను గౌరవ్వా. ఆ గీజర్ బిగించింది నేనే. ఎవరి ప్రాణమైనా పోయి ఉంటే నా ముఖం ఎవరికి చూపేవాణ్ని?

తన ఏర్పాటులో ఏం మార్చాలని ఖుష్బూ అడిగింది. ఎర్ర దీపం తీసేసి, ఇంకా నోరు విప్పనివాళ్ల పేరు పక్కన పచ్చ దీపం పెట్టమన్నాను. అది చూసి మేమే వాళ్లను అడుగుతామన్నాను. అలాగే చేసింది. మరుసటి వారం ఖలందర్ దీపం వెలగగానే అందరం అతని వైపు తిరిగాం. అన్నం కాస్త మెత్తగా వండమని ఒకే ముక్క చెప్పి ఊరుకున్నాడు. మరునాడే మెత్తగా వచ్చింది.

ఇంకొక్క మాట. మొన్న నీతో మాట్లాడి ఫోన్ పెట్టేశాక చూస్తే నలభై నిమిషాలైంది. అందులో నీ మాట 'ఊ' ఒక్కటే. చివర్లో ఏదో చెప్పబోయావు కూడా. ఈ ఉత్తరం అందిన శుక్రవారం ఫోన్ చేసి, "చెప్పు గౌరవ్వా" అని ఊరుకుంటాను. లైన్ కట్టయిందనుకొని పెట్టేయకు.

ఇట్లు,
నీ మాట వినడం నేర్చుకుంటున్న పెనిమిటి
భోజన్న