చిలక నోటి గింజ

సోమందేపల్లి,
శనివారం, దసరా పండగ.

అమ్మ పోయినాక నన్ను ఎత్తి పెంచిన దాసమ్మక్కకు, తమ్ముడు పోతులయ్య కాళ్ళకు మొక్కి రాసుకునేది.

అక్కా, ఈడ అందరమూ బాగుండాము. ఫోన్లో చెప్తే నీకు సగం వినపడదు, "ఏందిరా, ఏందిరా" అంటావు. అందుకే రాస్తాండా. పక్కింటి రాధ చదివి వినిపిస్తాది కదా. అమ్మా రాధా, ముందు భాగం గట్టిగా చదువు, మీ అగళి ఊరంతా వినపడనీ. కడాన రాసింది మాత్రం మా అక్క చెవి కాడ నోరు పెట్టి చదువు తల్లీ.

ముందు సంతోషం చెప్తా. మన ఈశ్వరి గీసిన చీర బొమ్మ ధర్మవరంలో దేవేంద్ర అనే ఆయనకు నచ్చినాదంట. ఆయనకు ఇరవై మగ్గాలుండాయి. అంచుకు చిలకల వరస. సోమవారం పూర్తి బొమ్మ తెచ్చి చూపీమన్నాడు, బాగుంటే ఇరవై మగ్గాలకూ అదే ఎక్కిస్తాడంట! నేను నలభై ఏండ్లు అట్టలు కొట్టినా అక్కా. ఎవరో గీసిచ్చిన గళ్ళ కాగితం ముందర పెట్టుకొని, మగ్గం మీద డబ్బాకు తగిలించే అట్టలకు ఒక్కొక్క గుంతా కొట్టినా. నా సొంత బొమ్మ ఒక్కటి ఏ చీర మీదా పడలేదు. నా కూతురు ఇంట్లో కూర్చొని, నువ్వు గొర్రెలమ్మి కొనిచ్చిన కంప్యూటర్లో, నాకు నెల పట్టే పని నాలుగు దినాల్లో చేస్తాది. హిందూపురంలో ఆరు నెలలు నేర్చుకునింది, అంతే! వీధిలో పోయే వాళ్ళనంతా పిల్చి చూపిస్తాండా. నీ మరదలు సిద్దమ్మ తిడతాది, "ఏమప్పా, పిల్లను పని చేసుకోనిస్తావా, ఇంట్లో తిరనాళ పెడతావా" అని.

ఇంక మెల్లిగా చదువు రాధమ్మా.

ఆ కంప్యూటర్ ఈ పొద్దు లేయలేదక్కా. మీట నొక్కితే లోపల ఫ్యాను గుయ్యిమంటాది, దీపం వెలుగుతాది, అంతలోనే ఆరిపోతాది. మళ్ళా దానంతటదే లేస్తాది, మళ్ళా పడుకుంటాది. ముందరుండే టీవీ మాదిరి దాంట్లో నలుపు తప్ప ఏమీ లేదు. ఈశ్వరి వైర్లన్నీ పీకి మళ్ళా పెట్టింది, వేరే ప్లగ్గులో పెట్టి చూసింది, స్నేహితురాలింటికి పోయి ఇంకో టీవీ చంకన పెట్టుకొని తెచ్చి తగిలిచ్చింది. దాంట్లోనూ నలుపే. చిలకల బొమ్మంతా ఆ డబ్బాలోనే ఉండాదంట, ఇంకో చోట లేదంట. "మదర్‌బోర్డు పోయిందేమో నాయనా" అంటాది. పండగని రిపేరు అంగళ్ళన్నీ మూసినారు. రేపు ఆదివారమైనా హిందూపురంలో ఎవరో ఒకరు తీయకుండా పోతారా, బస్సులో ఎత్తుకొని పోతానని కూర్చుండాది. మొగం చూడలేకుండా ఉండా.

తప్పు నాదక్కా.

నిన్న ఆయుధపూజ కదా. పొద్దున్నే ఆ పిల్ల డబ్బా పక్క రేకు ఊడదీసి కుంచెతో దుమ్ము దులిపింది. "నాయనా, బయట ఒక బొట్టు పెట్టుకో, లోపల మాత్రం చెయ్యి పెట్టొద్దు" అని చెప్పి నీళ్ళు పోసుకునేదానికి పోయింది. నాకు మనసొప్పలేదు. మగ్గానికి పూజ చేస్తే పైకట్టెకు బొట్టు పెట్టి ఊరుకుంటామా? ముందు దువ్వెన మాదిరుండే పన్నె పండ్లకు కదా పెట్టేది, పట్టుపోగులన్నీ పోయేది వాటి సందునే కదా! ఆ డబ్బాలో ఒక పచ్చ పట్టీ ఉండాది. "ఇది దాని జ్ఞాపకం నాయనా, ఇది లేకుంటే అది లేయనే లేయదు" అని ఈశ్వరే ఒకసారి తీసి చూపిచ్చింది. రెండు పక్కలా చెవులు వంచితే బయటికొస్తాది. తీసినా. కింది అంచున బంగారు పండ్లు, అచ్చం పన్నె మాదిరే! జ్ఞాపకానికి పెట్టకుండా ఉత్త రేకుకు పెడితే ఏం పూజ అనుకొని, గంధం తీసి ఆ పండ్లకు నిండుగా పూసి, మొక్కి, మళ్ళా దాని గాడిలోనే దోపినా. బిడ్డ వచ్చి, లోపల చూడకుండానే రేకు బిగిచ్చింది.

చెప్పేయొచ్చు కదా అంటావు. నీకు జ్ఞాపకముండాదా, ఈశ్వరికి పద్నాలుగేండ్లప్పుడు నేను అట్టలు కొట్టే పలక కాడ కూర్చొని, చిలకల అంచు అట్ట ఒకదానికి ఒక గుంత ఎక్కువ కొట్టింది. ఆ అట్టను పెరట్లోకి విసిరేసి, పిల్లను చెయ్యి పట్టి బయటికి ఈడ్చి, "నా పనిముట్టు మళ్ళా ముట్టుకుంటివో, చేతులు విరుస్తా" అన్నా. ఆ పొద్దు నువ్వు ఈడనే ఉండావు, నన్ను తిట్టినావు కూడా. పన్నెండేండ్లయింది. ఆ పిల్ల మళ్ళా నా పలక ముట్టలేదు. కసువు ఊడ్చేటప్పుడు కూడా దాని చుట్టూ ఊడుస్తాది. నేనేమో అది చూసి చూడనట్టే ఉంటి. ఇప్పుడు దాని పనిముట్టు నేను ముట్టి చెడగొట్టినానని ఏ నోటితో చెప్పేది? చెప్పల్ల అక్కా. దీపం పెట్టేలోగా చెప్తా.

నీ తమ్ముడు,
అట్టల పోతులయ్య


సోమందేపల్లి,
మంగళవారం.

అక్కా, అక్కా, మా బంగారక్కా! ఈసారి అంతా గట్టిగానే చదువు రాధమ్మా, మెల్లిగా చదివేది ఒక్క ముక్క కూడా లేదు.

ఆ పొద్దు నీ ఉత్తరం డబ్బాలో వేసి ఇంటికొచ్చేసరికి ఈశ్వరి కంప్యూటర్‌ను దుప్పట్లో చుట్టి తాడు కడతాండాది. గడప కాడనే నిలబడి చెప్పేసినా.

"కట్టొద్దు ఈశ్వరీ. నేను లోపల చెయ్యి పెట్టినా."

"యాడ పెట్టినావు నాయనా?"

"జ్ఞాపకం పండ్లకు గంధం పూసినా."

తాడు వదిలేసి నన్నే చూసింది. పొయ్యి కాడ నుంచి సిద్దమ్మ, "ఏం మనిషివప్పా నువ్వు! ఇంకా నయం, దాని నెత్తిన టెంకాయ కొట్టలేదు" అనింది. నేను తల ఎత్తలేదు. నేనన్న మాటే నాకు తిరిగి వస్తాదని కాచుకోనుండా. ఆ పిల్ల ఏం చేసిందో తెల్సా? చప్పట్లు కొట్టింది!

"అట్లయితే మదర్‌బోర్డు పోలేదు నాయనా! పొద్దున్నే చెప్పింటే ఆ టీవీ మోసే పని తప్పేది కదా నాకు!"

రేకు ఊడదీసి పట్టీ బయటికి తీస్తే, గంధం ఎండి గోడకు సున్నం కొట్టినట్టుండాది. కరెంటు ఆ పండ్ల మీదుగానే పోవల్లంట, గంధం అడ్డం నిలబడింది. పెన్సిల్ రబ్బరుతో తుడిస్తే పోతాదనింది. నా కాడ లేదా రబ్బరు? గళ్ళ కాగితం మీద తప్పులు తుడిచే రబ్బరు తెచ్చిస్తే, చేతిలోకి తీసుకోకుండా, "నువ్వే తుడువు నాయనా, నీ చెయ్యి నెమ్మది" అనింది. ఒక్కొక్క పన్నూ తుడిచినా. పాత గాడిలో గంధం పొడి రాలిందని, పక్కన ఖాళీగా ఉండే గాడిలో పెట్టమనింది. నా వేళ్ళ మీద దాని వేళ్ళు పెట్టి నొక్కింది. రెండు చెవులూ టక్, టక్ మని మూసుకున్నాయి.

మీట నొక్కింది. ఫ్యాను లేచింది. ఆరలేదక్కా! నలుపులో తెల్ల రాతలొచ్చినాయి, రంగొచ్చింది, కడాకు వరసగా చిలకలు! సిద్దమ్మ అట్లకాడతో సహా వచ్చి నిలబడింది. ఈశ్వరి ముందు చేసిన పని, బొటనవేలంత పెన్‌డ్రైవులోకి ఆ బొమ్మను ఇంకోటి తీసి పెట్టుకోవడం.

నా కండ్లు అట్టలు చూసే కండ్లు కదా, ఊరుకోవు. "ఈశ్వరీ, ప్రతి చిలకకూ ముక్కు కింద ఒక చుక్క ఎక్కువ పడింది చూడు, తుడిపేయి" అన్నా.

లోపలికి పోయి, ట్రంకు పెట్టె అడుగు నుంచి ఒక అట్ట తెచ్చి నా చేతిలో పెట్టింది. నేను పెరట్లోకి విసిరేసిన అట్ట! పన్నెండేండ్లు దాచిపెట్టింది.

"అది తప్పు పోయింది కాదు నాయనా. చిలక ఉత్త నోటితో ఉండాదని, గింజ పెడదామని నేనే కావాలని కొట్టినా. నువ్వు అడగలేదు, నేను చెప్పలేదు."

అక్కా, పద్నాలుగేండ్ల పిల్ల, ఎవరూ నేర్పకుండా, ఏ అట్టకు యాడ గుంత కొడితే చిలక ముక్కు కిందికి వస్తాదో కనిపెట్టింది! నాకు అది పట్టుబడేదానికి పదేండ్లు పట్టింది. ఆ చేతిని నేను ఈడ్చి పారేసినా. నా పలక, గుంతలు కొట్టే ఉలి, సుత్తి అన్నీ తెచ్చి దాని బల్ల పక్కన పెట్టినా. పలక మీద చెయ్యి పెట్టి నిమిరింది. "వచ్చే ఏడూ బొట్టు నువ్వే పెట్టు నాయనా, రెండిటికీ. ఆ పండ్లకు మాత్రం వద్దు" అనింది. నవ్వినాము, ముగ్గురమూ ఏడ్చుకుంటా నవ్వినాము.

నిన్న బస్సులో పెనుకొండకు పోయి, ఆడ రైలెక్కి ధర్మవరం పోతిమి. దేవేంద్ర తన కంప్యూటర్లో బొమ్మ పెట్టి దగ్గరికి వంగి చూసినాడు. "ఏమ్మా, ఈ చుక్క ఏంది? తప్పు పడిందా?" అన్నాడు. ఈశ్వరి నా మొగం చూసింది.

"తప్పు కాదప్పా, గింజ అది" అన్నా నేను. "చిలక ఉత్త నోటితో ఎట్లుంటాది? మా పిల్ల పద్నాలుగేండ్లప్పుడే పెట్టింది."

ఆయన ఇంకోసారి చూసి, నవ్వి, లోపలికి కేకేసినాడు, "ఇరవై మగ్గాలకూ ఇదే ఎక్కీండప్పా!" అని. విన్నావా అక్కా? ఇరవై మగ్గాలకూ!

బయటికొస్తాంటే ఆయన నన్ను ఆపి, "ఎవరు పెద్దాయనా నువ్వు, ఇంత బాగా చెప్తాండావు?" అని అడిగినాడు. నలభై ఏండ్లుగా ధర్మవరంలో ఎవరడిగినా నేను ఒకటే చెప్పేవాణ్ణి. నిన్న వేరేది నోటికొచ్చింది. అదే ఈడ కూడా రాస్తాండా.

నీ తమ్ముడు,
ఈశ్వరి నాయన