గడప దాటని అంకె

శ్రీమతిగారికి,

ఇక్కడ పాపా, మీ అమ్మగారూ కులాసా. నేను కాస్త తక్కువ కులాసా. ఎందుకో చివర్లో చెబుతాను. నర్సింగు శిక్షణలో నీకు నిద్ర సరిపోతోందా? పాప దగ్గు తగ్గిందా అని అడిగావు. తగ్గింది. ఇప్పుడు బడి ఎగ్గొట్టాల్సి వచ్చినప్పుడు మాత్రమే వస్తోంది.

ఇక నువ్వడిగిన మేడ ఇంటి సంగతి. కింది వాటా అద్దెకిచ్చి, ఆ అద్దెతో బ్యాంకు వాయిదా కట్టుకుంటూ పై వాటాలో ఉందామనుకున్నాం కదా. నువ్వు కొనుక్కోవాలనుకున్న పేము కుర్చీ బాల్కనీలో ఎక్కడ వేయాలో కూడా నిర్ణయించి మరీ వెళ్లావు.

అత్తయ్య లెక్కల టీచరుగా రిటైరయ్యారు గానీ పరీక్షలు పెట్టడం మానలేదు. మిట్టమధ్యాహ్నం వెళ్లి పై గదులు ఎంత వేడెక్కుతాయో చూశారు. జోరువానలో వెళ్లి వీధిలో నీళ్లు నిలుస్తాయేమో చూశారు. ఇంటాయన్ని వదిలేసి, కింద అద్దెకున్నావిడతో కబుర్లలో పడి, గోడలకు చెమ్మ దిగుతోందని కూపీ లాగారు. ఆ మరమ్మతులూ, వాటా ఖాళీగా ఉండే నెలలూ అన్నీ లెక్కగట్టి, మన భోజనాల బల్ల దగ్గరే ఒక అంకె తేల్చారు.

"అల్లుడుగారూ, ఇంతకు మించితే ఇల్లు మనల్ని మొయ్యదు, మనమే దాన్ని మొయ్యాలి. ఈ అంకె మన గడప దాటాక పెరగకూడదు" అన్నారు.

మొన్న బేరానికి వెళ్లాం. ఇంటాయన దిగి దిగి మన అంకెకు కొంచెం పైన ఆగిపోయాడు. "రేపు సాయంత్రం ఇంకో పార్టీ అడ్వాన్సుతో వస్తున్నారండీ" అని బ్రోకరు ఊదరగొట్టాడు. 'సరే' అన్న మాట నా నోటిదాకా వచ్చింది. అత్తయ్య గొడుగు తీసుకుని లేచారు.

"చక్కటి ఇల్లండీ. మేం ఇవ్వగలిగింది మాత్రం అంతే" అని నమస్కారం పెట్టి బయటికొచ్చేశారు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లనే రకమని దారంతా లోపల్లోపల తిట్టుకున్నాను.

ఇప్పుడు అసలు సంగతి. ఆ ఇల్లు మనం కొనలేదు. నీ దగ్గర దాచినది ఇంకోటుంది. మర్నాడు బజారుకని చెప్పి, ఆయన అడిగిన ధరకే ఒప్పుకుందామని నేనొక్కణ్ణే వెళ్లాను. తీరా చూస్తే, రోడ్డుకు అవతల మీ అమ్మ! నీ బాల్కనీ వంక చూస్తూ నిలబడి ఉన్నారు.

"మీరెందుకొచ్చారత్తయ్యా?"

"మీరెందుకొచ్చారో అందుకే."

"అంటే మీకూ నచ్చిందా?"

"నచ్చబట్టే కదా బాబూ, అంకె ఇంట్లో అనుకుని బయల్దేరింది! నచ్చని ఇంటికి అంత కట్టడి ఎందుకు?"

ఆవిడ కళ్లు తుడుచుకున్నారు. మీ అమ్మంటే నాకు గౌరవం ఎప్పుడూ ఉంది. ఆ పూట మాత్రం నడిరోడ్డు మీదే చేతులెత్తి దండం పెట్టాలనిపించింది. గేటు తట్టకుండానే ఇద్దరం వెనక్కి తిరిగాం.

వచ్చే ఆదివారం ఇంకో ఇల్లు చూడాలట. ఈ సంగతి నీకు రాసే ధైర్యం తనకు లేదని నా మీదికి నెట్టేశారు. అన్నట్టు, ఆ రోజు తిరిగొచ్చే దారిలో నీకు పేము కుర్చీ కొన్నారు. ధర కూడా అడగలేదు.

ఇట్లు,
అద్దె ఇంట్లోనే నీకోసం ఎదురుచూస్తున్న
మీ ఆయన