కప్పతొట్టెకు కట్టిన తడిగుడ్డ

తమ్ముడూ,

నువ్వు పోయి రేపటికి ఏడాది. ఈ మధ్యాహ్నం నర్సీపట్నమంతా కరెంటు పోయింది. నీ కప్ప ఉన్న గాజుతొట్టె దగ్గర ఫ్యాను ఆగిపోయింది. లోపలి థర్మామీటరు ఆ కప్ప తట్టుకోలేని ముప్పై మూడు డిగ్రీలు దాటింది. కప్పలో కదలిక లేదు. నేను గాభరాగా ఐసు తెచ్చి నీళ్లలో వెయ్యబోతే, ఆ కప్పను ఇంట్లోంచి గెంటమని నీతో రోజూ పోట్లాడిన అమ్మే నా చెయ్యి పట్టుకుంది.

"ఐసొద్దే, సచ్చిపోద్ది! ఆడెన్నిసార్లు సెప్పాడు! బేగి కుండ కింద ఇసక తే!"

మంచినీళ్ల కుండకు చేసినట్టే, తడి ఇసుక మీద తొట్టె పెట్టాం. అమ్మ లోపలికెళ్లి గుడ్డ తడిపి తెచ్చి చుట్టూ కట్టింది. ఇద్దరం మార్చి మార్చి విసురుతూ కూర్చున్నాం. చాలాసేపటికి కప్ప గొంతు కొట్టుకోవడం కనిపించింది.

అప్పుడు చూశాను, ఆ గుడ్డ నీ తువ్వాలు. నీ వాసన పోతుందని ఏడాదిగా అమ్మ ఎవరినీ ఉతకనివ్వని తువ్వాలు.