టీవీ వాళ్ల పండుగలో మోరి-సాన్ చదివిన వార్త

సిరోంచలో ఉన్న మా అమ్మకు, జపాన్ నుంచి నీ బిడ్డ రజిత దండం పెట్టి రాసేది.

నేను బాగానే ఉన్నాను. నీ మోకాలు ఎలా ఉంది, పెద్దమ్మ దగ్గు తగ్గిందా, వదిన, పిల్లలు కులాసానా అని ముందు అడగాలి కాబట్టి అడుగుతున్నాను. అవేవీ అడగకుండానే మొదలుపెట్టేంత కోపంతో కూర్చున్నాను మరి. ఆ కోపంలో సగం అన్న మీద, పావు ఈ ఊరి మీద, మిగిలిన పావు నీ మీద. నీ వంతు ఎందుకో చదువుతూ పో, తెలుస్తుంది.

ఇక్కడ వాన మొదలైంది. మన దగ్గర వాన వస్తే దంచి కొట్టి పోతుంది. ఇక్కడిది మూడు వారాలుగా కదలని చుట్టంలా తిష్ట వేసింది. బట్టలు ఆరవు, గోడలు ఆరవు, నా బుర్ర కూడా ఆరడం లేదు. తిండి సంగతి అడగకు. చారు పేరు చెప్పి చేపల వాసన నీళ్లు పోస్తారు. కారం కావాలంటే ఎర్రగా, తియ్యగా ఉండేదేదో ఇస్తారు. నువ్వు మాత్రం బెంగ పెట్టుకోకు, గదిలో నేనే వండుకుని కడుపు నిండా తింటున్నాను. ఎల్లిపాయ కారం అయిపోయింది. పంపే వీలుంటే గట్టిగా మూట కట్టి పంపు, పోయినసారి పెట్టె అంతా నూనె అయ్యింది.

పని అదే. ముసలివాళ్ల ఆశ్రమంలో లేపడం, స్నానం చేయించడం, తినిపించడం, పడుకోబెట్టడం. తెలుగు మాట్లాడే మనిషి ఒక్కరూ లేరు. గదిలో నాతో ఉండే నేపాల్ అమ్మాయితో హిందీలో నెట్టుకొస్తున్నాను. అప్పుడప్పుడు స్నానాల గది కడుగుతూ తెలుగులో తిట్టుకుంటాను. ఎవరినో ఒకరిని తిట్టకపోతే మన మాట మరిచిపోతానేమోనని భయం.

ఎక్కువగా తిట్టేది మోరి-సాన్‌నే. సాన్ అంటే మన గారు. ఎనభై దాటిన ఆడమనిషి. చక్రాల కుర్చీలో కూర్చుని లోకాన్నంతా ఏలుతుంది. నీళ్లు వేడిగా ఉంటే గిల్లుతుంది, చల్లగా ఉన్నా గిల్లుతుంది. నా చేతి మీద ఆమె గోళ్ల గుర్తులున్నాయి. ఆమెను చూసుకోవడం నా వంతుకే వచ్చింది. నా అదృష్టం నీకు తెలిసిందే కదా.

ఈ ఊళ్లో ఒక చిన్న టీవీ స్టేషన్ ఉంది. వాళ్లు ఏడాదికొకసారి శని ఆదివారాల్లో తమ ఆవరణలోనే పండుగ చేస్తారు. దేవుడు లేడు, దేవత లేదు, టీవీ వాళ్లకు టీవీ వాళ్లు చేసుకునే జాతర. మొన్న శనివారం మా ఆశ్రమం నుంచి నలుగురు ముసలివాళ్లను వ్యానులో తీసుకెళ్లారు. మోరి-సాన్ కుర్చీ తొయ్యడం నా పని.

ఏం జాతరమ్మా అది! మన శివరాత్రి జాతరలో తోసుకుంటారు, తిట్టుకుంటారు, చివరికి పని అవుతుంది. ఇక్కడ అన్నిటికీ వరుసే. వేయించిన సేమ్యాలాంటి దానికి వరుస, రంగు నీళ్లు పోసిన మంచు తురుముకు వరుస. ఒక మనిషి దూది పిల్లి వేషం వేసుకుని నిలబడితే, దాన్ని కౌగిలించుకోవడానికీ వరుసే. అది ఆ స్టేషన్ గుర్తట. వాతావరణం చెప్పే ఆయన సంతకం కోసం జనం గొడుగులు పట్టుకుని వానలో నిలబడ్డారు. వాన పడుతుందని చెప్పినందుకు అంత మర్యాద. మోరి-సాన్ మంచు సగం తిని మిగతాది నా ఏప్రాన్ మీద ఒంపింది.

లోపల ఒక గదిలో వార్తలు చదివే బల్ల ఉంది. ఎవరైనా కూర్చుని కాగితం చూసి ఒక వార్త చదవొచ్చు. అది బయట పెద్ద తెర మీద అందరికీ కనబడుతుంది. అక్కడి అమ్మాయి నన్ను చూసి, పరదేశం మనిషి దొరికిందన్న సంబరంతో లాక్కెళ్లి కూర్చోబెట్టింది. పిల్లల కోసం తేలిక అక్షరాల్లో రాసిన కాగితం చేతిలో పెట్టింది. ఆ అక్షరాలు నాకు వచ్చు, మాటల అర్థాలే సగం రావు. అయినా ఒక్క తప్పు లేకుండా, పళ్లన్నీ బయటపెట్టి నవ్వుతూ చదివేశాను. చప్పట్లు కొట్టారు. నిజం చెప్పనా, ఇక్కడికి వచ్చాక మొదటిసారి గొప్పగా అనిపించింది.

మోరి-సాన్ కొట్టలేదు. ఆమె మాటలు మన మాటలోనే రాస్తాను, నోరు మాత్రం అచ్చం మన వాడకట్టు ముసలమ్మల నోరే.

"ఏం చదివినవ్?" అంది.

"తెల్వదు" అన్నాను.

"వానకు వంతెన ఖరాబైందట, దాని మీదికెళ్లి ఎవ్వరు పోవద్దట. నువ్వేమో పెండ్లికి పిలిచినట్టు నవ్వుకుంట చెప్తివి. తెల్వని కాగితం నోట్లె ఎందుకు పెట్టుకున్నవే పిచ్చిదానా? జరుగు. నన్ను కూసోపెట్టు."

కూర్చోబెట్టాను. ఆ అమ్మాయి ఇచ్చిన కాగితాన్ని రెండు వేళ్లతో పక్కకు నెట్టింది. కాలరు సవరించుకుంది. కెమెరాలోకి సూటిగా చూసింది.

"ఇయ్యాల్టి వార్త. నా ఇల్లు అమ్ముడువోయింది. అమ్మింది నేనేనట. ఆ సంగతి నాకు మొన్ననే తెలిసింది. నా కొడుకు దవాఖాన కాగితమని ఇచ్చిండు, నేను సంతకం పెట్టిన. సంతకం నాదే, దొంగది కాదు. పెరట్ల చెట్టుకు పండ్లు మస్తు కాస్తయి, ఇగ ఎవరన్న తెంపుకోండి. వార్తలు అయిపోయినయ్."

బయట ఇద్దరు ముగ్గురు అలవాటుగా చప్పట్లు మొదలుపెట్టి ఆపేశారు. మాతో వచ్చిన ఆశ్రమం ఆయన అందరికీ వంగి వంగి దండాలు పెట్టి ఆమెను బయటికి తీసుకురమ్మన్నాడు. నాకు ఆ మాటలన్నీ అర్థమయ్యాయి. ఇల్లు, కొడుకు, దవాఖాన, కాగితం, ఆశ్రమంలో రోజూ వినే మాటలే. ఏడుపొచ్చింది. ఏడుపు కంటే ముందు భయం వేసింది. ఆమె చెబుతున్నంతసేపూ ఆ కుర్చీలో నాకు నువ్వే కనబడ్డావు.

అందుకే ఆదివారం పొద్దున్నే, అన్న మనిద్దరినీ సంతకం పెట్టమంటున్న కాగితం గురించి అడగడానికి ఫోన్ చేశాను. ఎప్పటిలాగే అన్నే ఎత్తి, స్పీకర్ పెట్టి, నీ పక్కనే నిలబడ్డాడు. "అమ్మా, ఆ హక్కసోడ్ కాగితంల ఏమున్నదో చదివినవా?" అని నిన్ను అడిగాను. నువ్వు నోరు తెరవకముందే వాడు అందుకున్నాడు.

"అది మరాఠీల ఉంటదే. అమ్మకేం సమజైతది? చేను మీద మూడు పేర్లుంటె తహసీల్ల పరేషాన్. మీ ఇద్దరి పేర్లు తీపిస్తె పని సాఫ్. గంతే."

నువ్వేమన్నావు? "అన్న చెప్పినట్టు పెట్టు బిడ్డ. ఆడివిల్ల సంతకం పెడితేనె పుట్టింటి గడప ఉంటది. దసరకు చీర పెడ్తడు" అన్నావు. అదిగో, నీ పావు వంతు కోపం అక్కడిది.

గంతే కాదమ్మా. హక్కసోడ్ అంటే, ఈ చేనులో నా భాగం నాకు వద్దు, నాకు ఇక ఏ హక్కూ లేదు అని మన చేత్తో మనమే రాసివ్వడం. బాపు ఒకరి మిర్చి చేలల్లో కూలి చేసి చేసి కొన్న రెండెకరాల చేను అది. ఆయన పోయాక మన ముగ్గురి పేర్లూ ఎక్కాయి. ఈ రోజుకీ నువ్వు పొద్దున లేచి అక్కడికే పోతావు. పోయిన నెల అన్న నాతో ఏమన్నాడో తెలుసా? "రోడ్డు మీది భూమిల మిర్చి ఏసుడేంది? ప్లాట్లు చేస్త" అన్నాడు. నాకు చెప్పాడు. నీకు చెప్పాడా?

చెప్పి ఉండడు. ఫోనులో చెబుదామంటే ఫోను వాడి చేతిలో ఉంటుంది. అందుకే ఈ ఉత్తరం. వాడు మరాఠీ బడిలో చదివాడు, తెలుగులో ఒక్క అక్షరం రాదు. నేనూ ఆ బడిలోనే చదివాను. కానీ నది అవతలి తెలుగు ఊరి నుంచి ఇక్కడికి కోడలిగా వచ్చిన నువ్వు, చాటలో పిండి పరిచి వేలు పట్టుకుని నాకు తెలుగు దిద్దించావు. వాడిని పిలిస్తే బ్యాటు పట్టుకుని ఉరికేవాడు.

నాకు ఆ చేను మీద ఆశ లేదని రాద్దామనుకున్నాను. అబద్ధం. ఆశ ఉంది. మిర్చి ఏరి ఏరి నా వేళ్లూ మండాయి, నా కళ్లూ మండాయి. నేను సంతకం పెట్టను. దసరా చీర పెట్టకపోతే పోనీ, చీరలు కొనుక్కునే జీతం నాకుంది. గడప మూసేస్తానంటే ఆ గడప వాడిదా, నీదా? ముందు అది అడుగు.

నువ్వు ఇంకా సంతకం పెట్టలేదని వదిన మెల్లగా చెప్పింది. పెట్టకు. కొడుక్కి ఇవ్వాలనే నీకుంటే ఇచ్చుకో, నీ ఇష్టం, నేను కాదనను. కానీ ముందు ఆ కాగితం వాడు కాని మనిషితో చదివించుకో. ప్రతి ముక్కా తెలుగులో చెప్పించుకో. చదవకుండా పెట్టావంటే మాత్రం నిన్ను క్షమించను. మోరి-సాన్ కొడుకు నెలకోసారి పండ్లు పట్టుకుని వస్తాడు. ఆమె ఆ పండ్లు ముట్టదు, నాకు తినిపిస్తుంది. వాడు నీ చేతిలో పెట్టే పండ్లు నీ బదులు ఎవరూ తినాల్సిన పని రావద్దు.

నా ఒంట్లో బాగానే ఉంది, మళ్లీ చెబుతున్నాను, బెంగ పెట్టుకోకు. పెద్దమ్మకు, కమలాపూర్ చిన్నాయనకు నా దండాలు. వదిన మీద నాకు ఏ కోపమూ లేదని చెప్పు. పిల్లలకు ముద్దులు. నీ కాళ్లకు మొక్కుతున్నాను, చల్లగా ఉండమని దీవించు. అన్న చెప్పినట్టు వినమని మాత్రం దీవించకు.

నీ బిడ్డ,
రజిత

ఇంకో మాట. ఉత్తరంలో ఏముందని అన్న అడుగుతాడు. దాచకు. ఎదురుగా కూర్చోబెట్టుకుని నువ్వే చదివి వినిపించు. నువ్వు ఏది చదివావో, ఏది మింగావో వాడికి తెలియదు. ఒకసారి కాగితం వంక, ఒకసారి నీ నోటి వంక చూస్తూ ఉంటాడు. కాసేపు అట్లా కూర్చోనీ.