నువ్వు కుట్టిన తోక

పార్వతీ,

నువ్వు పోయి ఏడాదయింది. ప్రభుత్వాన్ని కూలదోసిన సైన్యం మన అహ్లోన్ పేట వీధుల్లో తిరుగుతోంది, గుడికి తాళం వేశారు. అందుకే ఈ హనుమజ్జయంతికి నీ మనవరాలు చిట్టికి ఇంట్లోనే హనుమంతుడి వేషం కట్టాను. నేను ఇంట్లో కట్టుకునే పాత లుంగీ చింపి తోక కుట్టాను.

"ఇదేటి పెద్దమామ్మా, సచ్చిన పాములా ఏలాడతంది! మామ్మ కుట్టింది నిలబడేది" అంది.

చిన్నప్పట్నుంచీ అందరూ మెచ్చింది నీ చేతినే. ఎంత జపం చేసినా నా కుళ్లు పోలేదు. చివరికి నీ పెట్టెలోంచి ఆ పాత తోకే తీసి కట్టాను. లోపల తీగ పెట్టావని అప్పుడే తెలిసింది. నాకెన్నడూ చెప్పలేదు.

పొద్దు వాలాక దయ్యాన్ని తోలినట్టు సైన్యం పోవాలని వీధంతా గిన్నెలు మోగించారు. చిట్టి కూడా వరండాలో మూత కొడుతూ గెంతింది. ఎదురింటావిడ ఖిన్ "తోక భలే ఉందే, ఎవరు కుట్టారు?" అని కేకేసింది.

"నేనే" అన్నాను.

హనుమంతుడి ముందు చెంపలేసుకున్నాను. నీ ముందు వేసుకోను. కావాలంటే వచ్చి అడుగు.

నీ పెద్దక్క