ఇరవై నాలుగు కుట్లు ఎక్కువ

జూలై 3, శుక్రవారం

మనవరాలికి లెక్కల్లో ఇరవై అయిదుకి తొమ్మిది. పేపరు తెచ్చి బూట్ల అలమరలో దాచింది. ఆ బూట్లు తుడిచేది నేనేనన్న సంగతి మర్చిపోయింది, గడుగ్గాయి.

ఈ నెల 20న మళ్లీ పరీక్ష. పదిహేను వస్తేనే పెద్ద లెక్కల సెక్షన్. రాకపోతే మామూలు లెక్కలే. వంతెనలు కట్టే చదువుకి ఇక దారి ఉండదు. పాలపళ్లు ఊడకముందు నుంచీ దువ్వెనలతో, స్పూన్లతో వంతెనలు కడుతున్న పిల్ల.

ఒకే తేడాతో పెరిగే అంకెల వరసలో నలభయ్యో పదం కనుక్కోమంటే ఒక్కొక్కటే కూడుకుంటూ పోయింది. మధ్యలో ఎక్కడో తప్పింది. ఈలోపు గంట కొట్టేశారు. సూత్రం ఉందిగా, అదెందుకు వాడలేదే అంటే, దాంట్లో అక్షరాలు చూస్తేనే నాకు కళ్లు తిరుగుతాయి అమ్మమ్మా అంది.

మా అమ్మాయి ఆస్పత్రి డ్యూటీకి పోతూ పోతూ పేపరు మీద సంతకం గీకింది. అమ్మా, నువ్వే చూసుకో, దాంతో నోరు చేసుకునే ఓపిక నాకు లేదంది. చూసుకుంటాను. ముప్పై ఏళ్లు ఆఫీసు స్టోర్స్‌లో మేకు తేడా రానివ్వలేదు.

జూలై 4, సాయంత్రం 5 గంటలు

పుస్తకం మూయించి క్రోషా సూది చేతికిచ్చాను. గుండ్రటి టీపాయ్ కవరుకి మొదటి చుట్టు ఆరు కుట్లు. ఆ తర్వాత చుట్టు చుట్టుకీ ఆరేసి పెంచాలి. లేకపోతే అంచులు ముడుచుకుని టోపీ అవుతుంది. ఆరు, పన్నెండు, పద్దెనిమిది. మరి ఇరవయ్యో చుట్టులో ఎన్ని అన్నాను. వేళ్లు బయటికి తీసింది. వేళ్ల మీద ఒకటి వేశాను. ఎన్నో చుట్టో చూసుకుని దాన్ని ఆరుతో హెచ్చవెయ్యి, అంతే అన్నాను.

నూట ఇరవై అంది. వందో చుట్టు? ఆరు వందలు. ఆ మొహం వెలిగిపోయింది. వెయ్యో చుట్టు అడుగు, లక్షో చుట్టు అడుగు అని వంటింట్లోకి కూడా నా వెంటే వచ్చింది.

పుస్తకంలో సూత్రానికి ఎన్ మైనస్ వన్, అంటే ఎన్నో పదమో అందులోంచి ఒకటి తీసెయ్యాలి అని ఒక తోక ఉంది. పిల్లల్ని హడలగొట్టడానికి తప్ప ఎందుకూ పనికిరాదు. కొట్టేయమన్నాను.

జూలై 7, మంగళవారం

లెక్కలు నేనే తయారుచేసి ఇచ్చాను. 5, 10, 15. తర్వాత 8, 16, 24. తర్వాత 12, 24, 36. ఇరవై ఇస్తే ఇరవయ్యీ ఒప్పే. అక్షరాలు మాత్రం కోడి కెలికినట్టున్నాయి.

మా అమ్మాయి కొన్న కొత్త భోజనాల బల్ల కోలగా ఉంది. దానికీ క్రోషా గుడ్డ అల్లుతున్నాను. కోలగా అల్లడం ఇదే మొదటిసారి. చుట్టుకి ఆరు పెంచడమే కదా, ఇందులో బ్రహ్మవిద్య ఏముంది? పదహారు చుట్లు అయ్యాయి. మిగతావి నువ్వల్లు, చేతికి లెక్క అలవాటవుతుందని గడుగ్గాయికి ఇచ్చాను.

జూలై 8

పాలు విరిగాయి. తప్పు పాలది కాదు, ఫ్రిజ్ తలుపు సరిగ్గా వెయ్యని మనిషిది.

జూలై 10, శుక్రవారం

స్లిప్ టెస్టులో సున్నా. ఒకటే లెక్క, అయిదు మార్కులు. 7, 11, 15 అని పోతుంటే పదిహేనో పదం ఎంత? నాలుగేసి పెరుగుతోంది కాబట్టి పదిహేను నాలుగులు అరవై అని రాసింది. టీచరు ఎర్ర ఇంకుతో సున్నా చుట్టి, సూత్రం ఏదీ అని రాసింది.

సూత్రం రాయకపోతే సున్నా వేస్తారా? సోమవారం స్కూలుకి వెళ్లి కడిగేస్తాను.

మా అమ్మాయి కంగారుపడింది. నీకు దణ్ణం పెడతాను అమ్మా, ఇంకా అది ఆ స్కూల్లోనే చదవాలి, నువ్వెళ్లి అందరి నోళ్లలో పడెయ్యకు అంది. గడుగ్గాయి ఆ పేపరుని నాలుగు మడతలు పెట్టింది. నాకు లెక్కలు రావులే అమ్మమ్మా, వదిలేద్దాం అంది. ఆ మాట నాకు గుచ్చుకుంది.

జూలై 11, శనివారం

నా టీపాయ్ కవర్లన్నీ ఇరవయ్యో చుట్టుతో పూర్తవుతాయి. చివర్న నూట ఇరవై కుట్లున్నాయో లేదో చూసుకోవడం నా పద్ధతి. ఈ రోజు కోల గుడ్డ ఇరవయ్యో చుట్టు లెక్కపెట్టాను. నూట నలభై నాలుగు! ఇరవై నాలుగు ఎక్కువ.

చివరి నాలుగు చుట్లూ అల్లింది అది. మనసు పెట్టి చెయ్యవు, పెంచమన్న చోట పెంచవు, వద్దన్న చోట పెంచుతావు, లెక్కల్లోనూ ఇదే కదా నీ వరస అని దులిపేశాను. దాన్ని పక్కన కూర్చోబెట్టి, లెక్కపెట్టిస్తూ విప్పాను. నూట నలభై నాలుగు. నూట ముప్పై ఎనిమిది. నూట ముప్పై రెండు. నూట ఇరవై ఆరు. కళ్లు తుడుచుకుంటూనే లెక్కపెట్టింది, ఒక్కటీ తప్పలేదు. విప్పిన దారమంతా ఉండ చుట్టి నా ఒళ్లో పెట్టి, నువ్వు చెప్పినట్టే చేశాను అమ్మమ్మా అని లేచి వెళ్లిపోయింది.

అన్నం వాళ్లమ్మతో తింది.

జూలై 12, ఆదివారం, ఉదయం 6 గంటలు

దాని చుట్లు నాలుగూ పోయాక పైన మిగిలింది నా పదహారో చుట్టు. తొంభై ఆరు ఉండాలి. లెక్కపెట్టాను. నూట ఇరవై.

మళ్లీ లెక్కపెట్టాను. కళ్లజోడు తుడుచుకుని మళ్లీ. నూట ఇరవయ్యే. ఇక్కడా ఇరవై నాలుగు ఎక్కువే. ఈ చుట్టు అల్లింది నేను.

ఉదయం 6:40

పదో చుట్టు ఎనభై నాలుగు. ఉండాల్సింది అరవై. అయిదోది యాభై నాలుగు. ఉండాల్సింది ముప్పై. ఎక్కడ చూసినా అదే ఇరవై నాలుగు. పెరగదు, తరగదు. రెండో చుట్టులోనూ ఉంది.

ఉదయం 7 గంటలు

మొదటి చుట్టు ముప్పై.

గుండ్రటి కవరు ఆరు కుట్లతో పుడుతుంది. కోలది అలా కాదు. ముందు గొలుసు వేసి, దానికి రెండు పక్కలా అల్లాలి. అటు పన్నెండు, ఇటు పన్నెండు, కొసల్లో మూడేసి. పెరిగేది కొసల్లోనే. పక్కలు ఎన్ని చుట్లు తిప్పినా పన్నెండు పన్నెండే. నేను వెతుకుతున్న ఇరవై నాలుగూ అవే. ఎవరూ ఎక్కువ వెయ్యలేదు.

వెంటనే ఆ స్లిప్ టెస్టు గుర్తొచ్చింది. ఏడుతో మొదలై నాలుగేసి పెరుగుతోంది. పదిహేను నాలుగులు అంటే మొదటిది కూడా నాలుగే అనుకున్నట్టు. కాదు, ఏడు. నేనిచ్చిన ఇరవై లెక్కల్లో ప్రతిదీ ఎంత పెరుగుతుందో అంతతోనే మొదలైంది. ఇంకో రకం లెక్క ఒకటుంటుందని నాకు తోచనేలేదు. సున్నా నాది.

సాయంత్రం

చెప్పాను. పొద్దున్నే దాని మంచం దగ్గరికి వెళ్లి, తప్పు నాదే అన్న మాట ముందు చెప్పి, లెక్క తర్వాత చెప్పాను. అది ఒక కన్ను మాత్రం దుప్పట్లోంచి బయటపెట్టి, అయితే నా నాలుగు చుట్లూ ఊరికే విప్పావా అంది. ఊరికే విప్పాను. ఇంకోసారి అను అంది. అన్నాను. అప్పుడు లేచింది.

గుడ్డ మధ్యలో పరిచి కూర్చున్నాం. మొదటి చుట్టుకి ఎవరూ ఏమీ పెంచలేదు, అది ఎలా పుట్టిందో అలాగే ఉంది. రెండో చుట్టుకి ఒకసారి పెరిగింది. మూడోదానికి రెండుసార్లు. అయితే ఇరవయ్యోదానికి? పంతొమ్మిదిసార్లు అంది. పంతొమ్మిది ఆరులు నూట పద్నాలుగు, దానికి ముందున్న ముప్పై కలిపితే నూట నలభై నాలుగు. అమ్మమ్మా, నేను ఒప్పే అల్లాను అని అరిచింది. వాళ్లమ్మ నిద్ర లేచి వచ్చింది.

పదిహేనోదానికి పద్నాలుగుసార్లు నాలుగు, యాభై ఆరు. ఏడు కలిపితే అరవై మూడు. నేను నోరెత్తకముందే రాసేసింది.

తర్వాత ఒక మాటంది. నీ గుండ్రటి కవరుకి కూడా ఆ తోక ఉంది అమ్మమ్మా, కనపడలేదంతే. మొదటి ఆరు, తర్వాత పంతొమ్మిది ఆరులు, కలిపితే ఇరవై ఆరులు. మొదటిది వచ్చి వాటిల్లో కలిసిపోయింది అంది. నాకు ఇన్నేళ్లలో తట్టలేదు. కొట్టేసిన తోకని దాని చేతే మళ్లీ రాయించాను. అక్షరాలు బాగానే ఉన్నాయి.

జూలై 13, సోమవారం

స్కూలుకి వెళ్లాను. కడగడానికి కాదు. టీచరు మా అమ్మాయికన్నా చిన్నది. ఆ సున్నా నాకు వెయ్యవలసింది, పిల్ల నేను నేర్పిందే రాసింది అన్నాను. కూర్చోండమ్మా అని నీళ్లిచ్చింది. మార్కు మార్చలేనంది. మార్చమని నేనూ అడగలేదు. గుడ్డ చూపించాను. ఇది క్లాసుకి చూపించాలి, ఒక రోజు ఇస్తారా అంది. పూర్తయ్యాక అన్నాను.

జూలై 16

రోజూ పది లెక్కలు. అయిదు నేనిస్తాను, అయిదు అది నాకిస్తుంది. ఈ రోజు నాకు ఒకటి తప్పింది. వేళ్ల మీద వేసింది.

జూలై 20, సోమవారం

ఇంటికొచ్చి సంచీ భుజాన ఉండగానే చెప్పడం మొదలెట్టింది. ఆఖరి లెక్క 50, 46, 42. తగ్గుతూ పోతోందట. పక్క పిల్ల, ఇది మనకి చెప్పలేదు టీచర్ అని లేచి నిలబడిందట. నేను మాత్రం భయపడలేదు అమ్మమ్మా, నువ్వు విప్పావు కదా, అప్పుడు చుట్టుకి ఆరేసి తగ్గాయి కదా, ఇదీ అంతే, కలిపే చోట తీసేశాను అంది.

ఆ రోజు దాన్ని ఏడిపించి లెక్కపెట్టించాను. అది దాంట్లోంచి కూడా లెక్కే ఏరుకుంది. మొహం కడుక్కోమని చెప్పి వంటింట్లోకి వెళ్లాను.

జూలై 24, శుక్రవారం

ఇరవై అయిదుకి ఇరవై రెండు. పెద్ద సెక్షన్.

కోల గుడ్డ ఇరవై అయిదో చుట్టుతో ముగించాం. విప్పిన నాలుగూ, ఆ పైన అయిదూ అదే అల్లింది. ముప్పైకి ఇరవై నాలుగు ఆరులు కలిపితే మొత్తం నూట డెబ్బై నాలుగు ఉండాలి.

లెక్కపెట్టలేదు. బల్ల మీద పరిచేశాను.